పీకేయమన్న దవడ పన్నుతోనే ఇప్పటికీ నములుతున్నాను

ముందే చెప్పేస్తున్నా, ఇది ఒక క్లినిక్ మీద కన్నా ఒక వైద్యం మీద రాస్తున్న రివ్యూ. క్లినిక్ పేరు, డాక్టర్ల పేర్లు రాయడం లేదు. మీరు ఎక్కే కుర్చీ వేరు, చూసే డాక్టర్ వేరు, కానీ అడగాల్సిన ప్రశ్నలు మాత్రం అవే. నాది కింద ఎడమవైపు దవడ పన్ను. ఆరేళ్ళ వయసులో పాల పళ్ళ వెనకాల చడీచప్పుడు లేకుండా వచ్చి కూర్చుంటుంది చూడండి, ఆ మొదటి పెద్ద పన్ను. దాని వెనక గోడ చిగురు లోపలికంటా విరిగింది, పక్కన చిగురు మీద చీముతో చిన్న మొటిమ లేచింది. ఒక డాక్టర్ గారు పీకేద్దాం అన్నారు, ఇంకొకావిడ చూద్దాం అన్నారు. క్యాప్ పడి రెండేళ్ళు దాటింది, పన్ను ఇంకా నా నోట్లోనే ఉంది.

అసలు తప్పు నాదే, అది దాచిపెట్టి రివ్యూ రాస్తే అన్యాయం. ఆ పన్నుకి అంతకు ఆరేళ్ళ ముందే రూట్ కెనాల్ అయింది. క్యాప్ వేయించుకోండి అని అప్పుడే చెప్పారు. నొప్పి పోయింది కదా, మెల్లగా చూద్దాంలే అనుకున్నాను, ఆ మెల్లగా ఆరేళ్ళు సాగింది. రూట్ కెనాల్ అయిన దవడ పన్ను పైకప్పు తీసేసిన ఇల్లు లాంటిది, నమిలిన ప్రతిసారీ గోడలు పక్కలకి విచ్చుకోవాలని చూస్తాయి. 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో, రూట్ కెనాల్ తర్వాత క్యాప్ వేయని పళ్ళు, వేసినవాటికంటే ఆరు రెట్లు ఎక్కువగా పోయాయని తేలింది. ఆ లెక్కలో చేరడానికి నేను చేయాల్సిందంతా చేశాను. ఒక రాత్రి భోజనం చేస్తుంటే టక్కుమని శబ్దం, నాలుకకి బ్లేడు లాంటి అంచు తగిలింది, ఉమ్మి చూస్తే తెల్లటి పెంకు. నొప్పి మాత్రం లేదు. నరం తీసేసిన పన్ను కదా, విరిగినా నోరు విప్పదు. నొప్పి లేదని ఇంకో రెండు నెలలు ఊరుకున్నాను. అవును, మళ్ళీ.

మొటిమ లేచాక భయం వేసి దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి వెళ్ళాను. చిన్న ఎక్స్‌రే ఒకటి తీశారు, వెనక వేరు కొసన నల్లటి నీడ కనిపించింది. డాక్టర్ గారు అద్దం పెట్టి ఒకసారి చూసి, "ఇది ఉంచి లాభం లేదండీ, తీసేసి ఇంప్లాంట్, అంటే ఎముకలో మర బిగించి దాని మీద పెట్టే కృత్రిమ పన్ను, వేసేద్దాం" అన్నారు. మొత్తం ఐదు నిమిషాలు. ఆయన చెప్పింది తప్పు అని ఇప్పటికీ అనను, పీకాల్సిన పళ్ళు నిజంగానే ఉంటాయి. నాకు నచ్చనిది ఏంటంటే, ఎందుకు లాభం లేదో చెప్పమంటే మళ్ళీ ఎక్స్‌రే వైపే వేలు చూపించారు. నీడ ఉంటే పన్ను అయిపోయినట్టేనా అంటే అంతే అన్నారు. అది మాత్రం నిజం కాదని తర్వాత తెలిసింది. ఆ నీడ వేరు కొసన ఇన్ఫెక్షన్ వల్ల ఎముక కరిగిన చోటు, లోపల శుభ్రం చేసి సరిగ్గా మూసేస్తే చాలాసార్లు ఎముక తిరిగి కట్టుకుంటుంది.

రెండో డాక్టర్ గారు రూట్ కెనాల్ స్పెషలిస్ట్, ఎండోడాంటిస్ట్ అంటారు. ఆవిడ దగ్గర పరీక్షకే ముప్పావుగంట పట్టింది, నేను ఇచ్చే మార్కుల్లో సగం దానికే. ముందు అద్దం కాడతో ఒక్కో పన్ను మీద టకటకా తట్టి చూశారు. తర్వాత మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి కడ్డీతో పన్ను చుట్టూ చిగురు లోతు కొలుస్తూ, మూడు, రెండు, మూడు అని పైకి చెబుతుంటే పక్కన అమ్మాయి రాసుకుంటోంది. ఎందుకండీ అని అడిగితే, మూడు దాకా మామూలే అన్నారు. చుట్టూ బాగానే ఉండి ఒక్కచోట మాత్రం కడ్డీ సన్నగా, లోతుగా జారిపోతే అక్కడ వేరు నిలువునా చీలి ఉండే అవకాశం ఎక్కువట, అలా చీలిన వేరుని నిలబెట్టడం ఎవరి వల్లా కాదట. నాకు ఎక్కడా నాలుగు దాటలేదు.

ఇంకొకటి చేశారు, అది చూసి నాకు భలే ముచ్చటేసింది. రూట్ కెనాల్‌లో నింపే గట్టాపెర్చా అనే మెత్తటి, అగ్గిపుల్ల కన్నా సన్నటి పుల్ల ఒకటి తీసి, చిగురు మీద మొటిమ కన్నంలోకి నెమ్మదిగా దూర్చారు. పెద్దగా నొప్పి లేదు, వింతగా ఉంది అంతే. అది ఆగిన చోట ఆపి ఎక్స్‌రే తీస్తే, పుల్ల వంకర తిరిగి సరిగ్గా వెనక వేరు కొసకి వెళ్ళి ఆగింది. చీము ఎక్కడి నుంచి వస్తోందో దారి చూపించేసింది. ఆ తర్వాత సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తీయించారు, అందులో వెనక వేరులో రెండో కెనాల్, అంటే నరం ఉండే సన్నటి గొట్టం, ఒకటి ఖాళీగా కనబడింది. కింది మొదటి దవడ పన్నుకి మామూలుగా రెండు వేర్లు, మూడు కెనాల్స్ ఉంటాయి, చాలామందికి నాలుగోది కూడా ఉంటుంది. నా పాత రూట్ కెనాల్‌లో మూడే నింపారు. అంటే క్యాప్ వేయించుకోని పాపం నాది, నాలుగో కెనాల్ దొరక్కపోవడం నా చేతిలో లేనిది. నేనూ, అప్పటి డాక్టరూ కలిసి ఆ పన్నుని అక్కడిదాకా తెచ్చాం.

ఇంత చూశాక కూడా ఆవిడ మాట ఇవ్వలేదు. "ఇప్పుడు కాపాడతానని చెప్పినా అబద్ధమే, పీకేయాలని చెప్పినా అబద్ధమే. పాత ఫిల్లింగ్, పుచ్చు అంతా తీసేశాక ఎంత మిగిలిందో చూస్తేనే తెలుస్తుంది. అడుగున పగులు కనిపిస్తే అక్కడితో ఆపేస్తాను. మీకు సరే అంటే మొదలుపెడదాం" అన్నారు. నేను ఈ రివ్యూ రాయడానికి కారణం ఆ నాలుగు ముక్కలే. పన్ను ఉంటుందా ఊడుతుందా అన్నది చాలాసార్లు ఎక్స్‌రేలో తేలదు, పుచ్చు చివరి పొర దాకా తీశాక మిగిలే గోడల్లో తేలుతుంది. అక్కడిదాకా వెళ్ళి చూడకుండా అటో ఇటో తేల్చేసేవాళ్ళని నేను ఇప్పుడు నమ్మను, కాపాడేస్తాం అని ముందే హామీ ఇచ్చేవాళ్ళని కూడా.

మొదటి సిట్టింగ్. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, వెనక పన్నుకి క్లిప్ తగిలించి పలచటి రబ్బరు షీట్ పరిచారు, అందులోంచి నా పన్ను ఒక్కటే పైకి కనిపిస్తుంది. రబ్బర్ డ్యామ్ అంటారు, 1864 నుంచీ ఉన్న పద్ధతి. ఉమ్ము లోపలికి వెళ్ళదు, లోపల కడిగే మందు గొంతులోకి దిగదు. ఆ మందు సోడియం హైపోక్లోరైట్, సూటిగా చెప్పాలంటే బట్టలు తెల్లబరిచే బ్లీచింగ్ వర్గం, వాసన వస్తుంది, కాస్త ఓర్చుకోవాలి. మీకు రూట్ కెనాల్ చేసేవాళ్ళు ఈ షీట్ వాడతారో లేదో ముందే అడగండి, వాడం అంటే ఎందుకని కూడా అడగండి.

మైక్రోస్కోప్ కింద చేసేదంతా ఎదురుగా స్క్రీన్ మీద కనిపిస్తోంది. చూడకూడదు అనుకున్నా, చూశాను. పాత ఫిల్లింగ్ కింద గోధుమరంగు మెత్తటి పుచ్చు, చెంచాలాంటి పరికరంతో గోకితే పొరలు పొరలుగా వచ్చింది. అంతా తీసి కడిగాక పన్ను అడుగు కనిపించింది, దాని మీద బూడిదరంగు గీతలు. నా గుండె జారిపోయింది, పగులు అనుకున్నాను, నోట్లో షీటు ఉండగానే "ఊఁ ఊఁ" అని వేలు చూపించాను. ఆవిడ నవ్వి, అవి పగుళ్ళు కాదండీ, అందరి పళ్ళ అడుగునా ఉండే గీతలే, కెనాల్ నోళ్ళని కలుపుతూ పోతాయి అని చెప్పి, ఆ గీత పట్టుకునే వెళ్ళి దాని చివర తెల్లగా మూసుకుపోయిన చుక్క దగ్గర సన్నటి కొసతో మెల్లగా గీరారు. నాలుగో కెనాల్ అక్కడ ఉంది. ఆరేళ్ళుగా చీము కడుతున్న ఇంటి తలుపు, ఆవగింజలో సగం కూడా లేదు. తర్వాత నీలం రంగు వేసి, కడిగి, పగులు ఉంటే ఆ రంగు పట్టుకుని గీతలా నిలబడుతుందని చూపించారు. రంగు పూర్తిగా పోయింది.

అప్పుడు కొలతలు. చిగురు పైన ఆరోగ్యంగా మిగిలిన గోడ నాలుక వైపు నాలుగు మిల్లీమీటర్లు, బుగ్గ వైపు మూడు, ముందు మూడు, వెనక సున్నా. ఎందుకీ కొలత అంటే, క్యాప్ అంచు చుట్టూ కనీసం ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల అసలు పన్నుని పట్టుకుని ఉండాలి, బండి చక్రానికి ఇనప పట్టా బిగించినట్టు. ఆ పట్టు లేకుండా కేవలం కట్టిన సిమెంట్ మీద క్యాప్ పెడితే కొన్నాళ్ళకి క్యాప్ ఊడొస్తుంది, లేదా వేరు చీలుతుంది. ఆ పట్టునే ఫెర్రూల్ అంటారు. "నా పన్నుకి ఫెర్రూల్ ఎంత ఉందండీ" అని అడిగి చూడండి, డాక్టర్ గారు మీతో మాట్లాడే పద్ధతే మారుతుంది.

వెనకవైపు సున్నా ఉంటే రెండు దారులు చెప్పారు. ఒకటి, క్లిప్పుల్లాంటి వాటితో పన్నుని మెల్లగా పైకి లాగడం, వారాలు, నెలలు పడుతుంది. రెండోది, ఆ పక్క చిగురుని, దాని కింద ఎముకని కాస్త తగ్గించి పన్ను బయటపడేలా చేయడం, క్రౌన్ లెంథెనింగ్ అంటారు. రెండోది అన్ని చోట్లా కుదరదు. కింది దవడ పన్ను రెండు వేర్లు చీలే సందు బుగ్గ వైపు, నాలుక వైపు ఉంటుంది, అక్కడ ఎముక తగ్గిస్తే సందు బయటపడి కొత్త తలనొప్పి. నాది వెనకవైపు విరగడం అదృష్టం అన్నమాట. అదే విరగడం బుగ్గ వైపు సందు దాకా వెళ్ళుంటే నేనూ పీకేయమనేదాన్ని అన్నారావిడ, ఏ మొహమాటం లేకుండా.

ఆ రోజు పాత గట్టాపెర్చా అంతా బయటికి తీసి, విరిగిన వైపు తాత్కాలికంగా గోడ కట్టి, లోపల కాల్షియం హైడ్రాక్సైడ్ మందు పెట్టి పంపారు. పది రోజుల్లో మొటిమ మాయం. అద్దం ముందు నిలబడి వేలితో చిగురు నొక్కి నొక్కి చూసుకున్నాను, చీము లేదు. రెండు వారాల తర్వాత నాలుగు కెనాల్స్ నింపి పైన గట్టిగా కట్టేశారు. పోస్ట్ అని వేరులోకి కడ్డీ దించుతారు కదా, అది వేయరా అని అడిగాను, నాకు తెలిసినట్టు. అది పన్నుకి బలం ఇవ్వదు, పైన కట్టిన దాన్ని పట్టుకోవడానికే పనికొస్తుంది, మీకు పట్టు ఉంది, అనవసరంగా వేరులో ఇంకా తవ్వడం ఎందుకు అన్నారు. అక్కర్లేని పని అక్కర్లేదు అనే డాక్టర్ దొరకడం కూడా ఈ వైద్యంలో భాగమే.

చిగురు ఆపరేషన్ వేరే స్పెషలిస్ట్ చేశారు. నొప్పి ఏమీ లేదు కానీ ఎముక అరగదీసే చప్పుడు పుర్రెలోంచి వినబడుతుంది, ఆ రాత్రి నిద్రలోనూ వినబడింది. కుట్లు వారానికి తీశారు. చిగురు మానడానికి దాదాపు రెండు నెలలు ఆగాలని అప్పుడు చెప్పారు. ఇదిగో, ఇక్కడ నా మొదటి ఫిర్యాదు. ఈ ఆపరేషన్ వేరే పని అని, కుట్లు పడతాయని, ఇన్ని వారాలు ఆగాలని మొదటి రోజే ఒక కాగితం మీద రాసి ఇచ్చుంటే బాగుండేది. అన్నీ నిజాయితీగానే చెప్పారు కానీ విడతలు విడతలుగా చెప్పారు. మొత్తం మీద పరీక్షతో కలిపి ఎనిమిదిసార్లు ఆ కుర్చీ ఎక్కాను, దాదాపు నాలుగు నెలలు. ఒక్కసారిలో అయిపోతుందనుకుని వెళితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

రెండో ఫిర్యాదు నోరు తెరిచి ఉంచడం గురించి. మొదటి సిట్టింగ్ గంటన్నర పైనే పట్టింది, మర్నాడు దవడ కీలు దగ్గర పట్టేసి ఆవలింత కూడా సరిగ్గా రాలేదు. రెండోసారి నేనే అడిగితే పళ్ళ మధ్య పెట్టే రబ్బరు దిమ్మ ఇచ్చారు, దాన్ని కొరికి పట్టుకుంటే సగం బాధ తగ్గింది. అడిగితే గానీ ఇవ్వకపోవడం ఏంటో.

మూడోది క్యాప్. జిర్కోనియా అనే గట్టి తెల్లటి పింగాణీతో చేయించారు, రంగు బాగానే కలిసింది, నీలం కాగితం పెట్టి "కరవండి, అటూఇటూ రుద్దండి" అంటూ ఎత్తు సరిచేశారు. ఇంటికొచ్చి నాలుగు రోజులయ్యేసరికి ప్రతి ముద్దా క్యాప్ పక్క సందులో ఇరుక్కోవడం మొదలైంది. పక్క పన్నుకి క్యాప్ ఆనుకోవాల్సినంత ఆనుకోలేదు. ఫోన్ చేస్తే రిసెప్షన్‌లో "కొత్త కదా, అలవాటైపోతుంది" అన్నారు. అలవాటయ్యేది కాదు అది. రెండోసారి పట్టుబట్టి వెళితే డాక్టర్ గారు ఆ సందులో ఫ్లాస్ దారం పెట్టి చూశారు, ఏ అడ్డూ లేకుండా జారిపోయింది. వెంటనే ఒప్పుకున్నారు, కొలత మళ్ళీ తీసి ల్యాబ్‌కి పంపించారు. రెండో క్యాప్‌కి దారం టప్పుమని దిగుతుంది, టప్పుమని వస్తుంది, అలాగే ఉండాలట. నాలుగు నెలల జాగ్రత్తంతా ఒక వదులు సందు దగ్గర నీరుగారిపోయేది. కాబట్టి క్యాప్ పెట్టిన రోజు లేవకముందే, దారం పెట్టి చూపించండి అని అడగండి.

ఇంప్లాంట్ వేయించుకోవాల్సింది, ఇంత గొడవ ఉండేది కాదు అని మా ఇంట్లోనే ఒకరన్నారు. ఇంప్లాంట్ మీద నాకు కోపమేమీ లేదు, పన్ను నిజంగా పోతే అది మంచి దారే, ఖాళీగా వదిలేస్తే వెనక పన్ను ముందుకి ఒరుగుతుంది, పై పన్ను కిందికి దిగుతుంది. కానీ అసలు పన్ను చుట్టూ వేరుకి, ఎముకకి మధ్య పలచటి పొర ఉంటుంది, నమిలేటప్పుడు చిన్న రాయి పడినా చటుక్కున ఆగిపోయేది దానివల్లే. ఇంప్లాంట్ ఎముకకి నేరుగా అతుక్కుంటుంది, ఆ పొర ఉండదు. పైగా పీకడం ఎప్పుడైనా చేయొచ్చు, పీకాక మాత్రం ఇలాంటి చర్చకి తావే లేదు. రూట్ కెనాల్ చేసిన పళ్ళ వల్ల ఒళ్ళంతా రోగాలొస్తాయని తిరిగే మెసేజ్ కూడా ఒకటి వచ్చింది. అది 20వ శతాబ్దం మొదట్లో నడిచిన వాదం, దాన్ని నమ్మి అప్పట్లో లెక్కలేనన్ని పళ్ళు పీకేశారు, తర్వాత పరిశోధనల్లో నిలబడలేదు. మెసేజ్‌లకి మాత్రం చావు లేదు.

నా పన్నుకి అవసరం పడలేదు కానీ, ఆవిడ మాటల్లో ఇంకా కొన్ని దారులు ఉన్నాయని తెలిసింది. ఒక వేరు బాగుండి ఇంకోటి పాడైతే కింది దవడ పన్నుని మధ్యకి కోసి, పాడైన సగం తీసేసి మిగతా సగం ఉంచుకోవచ్చు. మళ్ళీ రూట్ కెనాల్ చేసినా మానకపోతే చిగురు తెరిచి వేరు కొస కోసి కింద నుంచి మూస్తారు. అన్నింటికన్నా నన్ను నోరెళ్ళబెట్టించింది, పన్నుని జాగ్రత్తగా ఊడదీసి, చేతిలో పట్టుకుని, వేరు కొస బాగుచేసి, కొద్ది నిమిషాల్లోనే మళ్ళీ అదే గుంతలో పెట్టేయడం! విన్నప్పుడు జోక్ అనుకున్నాను, నిజంగానే చేస్తారు. ఇవన్నీ అందరికీ పనికొచ్చేవి కావు. వేరు నిలువునా చీలినా, పగులు పన్ను అడుగు మీదుగా ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళినా, చుట్టూ ఎముక పోయి పన్ను ఊగిపోతున్నా పీకడమే మేలు. అలాంటప్పుడు కాపాడతాం అంటూ సిట్టింగ్ మీద సిట్టింగ్ వేసేవాళ్ళు కూడా ఉంటారు, జాగ్రత్త.

ఏడాదికి తీసిన ఎక్స్‌రేలో నీడ సగానికి పైగా తగ్గింది. మొన్న రెండేళ్ళకి తీసినప్పుడు పాత ఫొటో పక్కన పెట్టి చూపిస్తే తప్ప ఎక్కడుండేదో నేను పట్టుకోలేకపోయాను. ఇలాంటివి పూర్తిగా మానడానికి ఒక్కోసారి నాలుగేళ్ళు కూడా పడుతుందట, కాబట్టి వచ్చే ఏడాది మళ్ళీ రమ్మన్నారు. చిగురు తగ్గించిన చోట వెనక సందు కాస్త పెద్దదైంది, రోజూ రాత్రి సన్నటి బ్రష్ దూర్చి తీయాలి, నిద్రలో పళ్ళు కొరికే అలవాటు ఉందని నైట్ గార్డ్ కూడా అంటగట్టారు, అది పెట్టుకుని మాట్లాడితే ఇంట్లో పిల్లలు నవ్వుతారు.

ఐదుకి నాలుగు. ఆ ఒక్కటి "అలవాటైపోతుంది" అన్నందుకు కోశాను.